పైడయ్య పచ్చిక

ఇనుప గనిలో రోజంతా డంపరు తోలే సిక్కోలు పైడయ్యకు, ఇంటికొచ్చాక ఎర్రదుమ్మంటే గిట్టదు. కొండమీంచి దిగే ఆ దుమ్ము బచేలిలో క్వార్టర్లన్నిటి మీదా పడుతుంది, అతని ముంగిట్లోని పచ్చిక మీద మాత్రం నిలవదు. కోతకు ముందురోజే గడ్డిని నీళ్ల గొట్టంతో కడుగుతాడు. లేకపోతే దుమ్ముకి గడ్డికోసే మిషను బ్లేడు మొద్దుబారుతుంది. వానాకాలమంతా చూపుడువేలు నిలబెట్టి ఎత్తు చూసుకుంటాడు. గడ్డి వేలి మూడు కణుపుల ఎత్తు ఎదిగితే ఒక కణుపే తీస్తాడు. పోయినసారి నిలువుగా తోస్తే ఈసారి అడ్డంగా తోస్తాడు. పని అయ్యాక నడుముమీద చేతులు వేసుకుని, గేటు బయటినుంచి ఒకసారి చూసుకుంటాడు.

కాలనీ తోటల పోటీ రోజు పొద్దున్నే వాన పడింది. మధ్యాహ్నానికి అందరి మిషన్లూ గరగరమన్నాయి. పైడయ్య గడ్డిమీద అరచెయ్యి ఆనించి చూసి, తన మిషను తిరిగి వరండాలో పెట్టేశాడు.

"ఏంది అన్నా, కొయ్యవా? సాయంత్రం జడ్జీలొస్తున్నరు," అన్నాడు పక్కింటి నరసింహులు.

"తడి గడ్డిని బ్లేడు కొయ్యదురా, పీకుతాది. జడ్జీల కోసం పీకమంటావేటి?"

కప్పు నరసింహులుకు వచ్చింది. నాలుగోనాటికి అతని గడ్డి కొసలన్నీ చిట్లి ఎండిపోయాయి. ఆరాక కోసిన పైడయ్య పచ్చిక మాత్రం నిగనిగలాడుతోంది. నరసింహులు కప్పు తెచ్చి పిట్టగోడ మీద పెట్టాడు.

"ఇది నీదే అన్నా."

పైడయ్య దానివైపు చూడనైనా లేదు.

"అది నువ్వే ఉంచుకో. నీ మిషను ఇలా తే, పదును పెడతాను. ఆ గడ్డి మొహం రోజూ చూడలేకపోతన్నాను."