రాతి మృగాల చర్చి, మా మామా

మొన్న శుక్రవారం పొద్దున మా మామా కన్నుమూసింది. కువైట్‌లో పనిచేసే మేం ఇంటావిడని మామా అనీ, ఇంటాయన్ని బాబా అనీ పిలుస్తాం. ఈమె ఇంగ్లండు మనిషి. కువైటీని పెళ్లాడి ఇక్కడి సల్వా పేటలో స్థిరపడింది. వాళ్ళ కూతురు ఇంగ్లండులో చదువుకుని అక్కడే ఉండిపోయింది. కోనసీమ నుంచి వచ్చిన నేను ఆ ఇంట్లోనే ముసలిదాన్నయ్యాను.

ఇరాక్ సైన్యం వచ్చిపడ్డ ఎండాకాలం, ఇంగ్లీషువాళ్ళని ఇల్లిల్లూ వెతికి పట్టుకుపోతుంటే, బాబా ఆమెని మేడ మీద నీళ్ళ ట్యాంకుల వెనక గదిలో దాచాడు. అన్నం నేను పట్టుకెళ్ళేదాన్ని. ఆ ఉక్కలో ఆమె బొగ్గుతో గోడ మీద తన ఊరి చర్చి గీసింది. నలుపలకల గంటగోపురం, బారెడు మందం రాతి గోడలు, మొనదేలిన కిటికీలు. కప్పు మూలల్లో నోళ్ళు తెరిచిన రాతి మృగాలు. ఒకటి సింహం. ఇంకోటి రెండు చేతులతో తన నోరు తానే చీల్చుకుంటోంది.

"చర్చి మీద దయ్యాలేంటి మామా? మా ఊళ్ళో సిలువ, నక్షత్రం తప్ప ఏమీ పెట్టరు."

"కప్పు మీది వాన నీళ్ళని దూరంగా ఊస్తాయి. నీరు గోడలోకి దిగితే ఎంత రాయైనా పాడైపోతుంది," అంది. "పెళ్లికి ముందు మా ఊరొస్తే, ఆ సింహం బాబా నెత్తిన ఊసింది."

ఆ గదిలో ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

ఒక మధ్యాహ్నం సైనికులొచ్చారు. "నీ భార్య ఎక్కడ?"

"వాళ్ళ దేశం వెళ్ళిపోయింది," అన్నాడు బాబా. నా చూపు మెట్ల వైపు పోబోతుంటే, "అన్నం మాడుతోంది, యల్లా, వంటింట్లోకి నడు!" అని కసిరాడు. ఆయన నోట నేను విన్న ఆఖరి మాట అదే. ట్రక్కెక్కించుకుపోయారు.

పైకి పరుగెత్తేసరికి ఆమె నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చునుంది.

"నేనొక్క కేక వేసుంటే ఆయన్ని వదిలేవాళ్ళేమో."

"ఇద్దర్నీ తీసుకుపోయేవాళ్ళు మామా."

ఆ మాట ఆమె ఏనాడూ నమ్మలేదు.

యుద్ధం ముగిశాక నన్ను వెంటబెట్టుకుని ఇంగ్లండులోని తన ఊరెళ్ళింది. వానలకి అరిగి చర్చి మీది సింహానికి ముఖమే లేదు. గొంతులో గొట్టం దూర్చారు. మళ్ళీ చెక్కించరా అని అడిగితే, "ఎలా ఉండేదో ఎవరికీ గుర్తులేదు," అంది. చాలాసేపు తడుస్తూ నిలబడింది. ఉండిపొమ్మని చెల్లెలు బతిమాలినా తిరిగొచ్చేసింది.

ఏళ్ల తర్వాత, అప్పుడు పట్టుకుపోయినవాళ్ళలో కొందరి ఎముకలు ఇరాక్ ఇసుకలోంచి తెచ్చి వాళ్ళ ఇళ్ళకి అప్పగించారు. మా ఇంటికి ఏదీ రాలేదు. ప్రార్థనకి రమ్మంటే, "నువ్వు చేసుకో. నాకు అడగడానికేం మిగల్లేదు," అనేది. అలాంటి మనిషే మా అమ్మ పోయిన కబురొచ్చిన రోజు వంటింట్లో నేల మీద నా పక్కన కూర్చుని, సాయంత్రం దాకా నా చెయ్యి వదల్లేదు.

బాబా తాళంచెవులు తీసుకెళ్ళలేదని, మామా బతికినన్నాళ్ళూ వీధి గేటు మూయనివ్వలేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన కూతురు, మట్టి చేసి వచ్చాక, గేటు లాగింది. కీళ్ళు తుప్పుపట్టి కదల్లేదు. నేనూ వెళ్ళి పట్టుకున్నాను. ఇసుకలో గీసుకుపోతున్న గేటుని ఇద్దరం కలిసి మెల్లగా మూశాం.