పిన్ని గీసిన మొహాలు

మా పిన్ని దర్జీ. ఆవిడకి అక్షరాలు రావు, అంకెలు మాత్రం బాగా వచ్చు. బట్టకి గుచ్చే చీటీ మీద కొలతలు వేసి, పేరు రాయాల్సిన చోట ఒక మొహం గీస్తుంది. సున్నా చుట్టి, లోపల రెండు చుక్కలు, కింద ఒక గీత. ఎవరిదో తెలియడానికి కొప్పో కళ్లజోడో పెడుతుంది. ఎలాంటివాళ్లో నోరు చెబుతుంది. గీత పైకి వంగితే ఎలా కుట్టినా వేసుకునే మనిషి. అడ్డంగా ఉంటే కొట్లో ఏమీ అనదు, వీధంతా చెబుతుంది. కిందికి వంగితే మూడుసార్లు వెనక్కి తెస్తుంది.

ఎనిమిదిలో బడి మానేసి ఆవిడ దగ్గర చేరినప్పుడు నేను మొదట నేర్చుకున్నది ఈ నోళ్లే. కాజాలు ఆ తర్వాత.

ఫోన్ కొన్న రోజు, అందులో బారులు తీరిన పసుపుపచ్చ మొహాలని పిన్ని ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ పోయింది.

"నా మొహాలు వీళ్లకెవరిచ్చారే?" అంది చివరికి.

ఇరవై ఏళ్లుగా గీస్తున్న మనిషి మరి. అప్పటి నుంచి కబుర్లన్నీ వాటితోనే. బట్టలు సిద్ధమైతే నవ్వు మొహం, ఇంకా మొదలుపెట్టకపోతే నిద్రపోయే మొహం. ఎవరూ పొరబడలేదు.

పొరపాటు చేసింది నేను.

బడి పెద్ద మేడం కోటు ఒకటి కుట్టాం. అది రెండుసార్లు వెనక్కి వచ్చింది. పిల్లల యూనిఫాంలు, నూట నలభై జతలు, మాకు ఇవ్వాలా వద్దా అని మేడం ఆలోచిస్తున్న వారమది. ఆ పని వస్తే కొట్టు నిలుస్తుంది. లేకపోతే పిన్ని మిషన్ మోసుకుని మళ్లీ ఇంటి వసారాలోకి వెళ్లాల్సిందే. రెండోసారి సరిచేసిన కోటుని నేను ఇస్త్రీ చేసి, చీటీ తీయకుండానే పంపేశాను.

మధ్యాహ్నం ఫోన్‌లో చీటీ ఫోటో వచ్చింది. కొప్పు, గొలుసు కళ్లజోడు, కిందికి వంగిన నోరు. దాని కింద మేడం ఒకే ఒక్క మొహం పెట్టారు. నోరు అడ్డగీత.

"చచ్చాం," అంది పిన్ని. "వీధంతా చెబుతుంది."

"అది నీ లెక్క పిన్నీ. ఆవిడ లెక్క వేరేమో."

"ఎవరి లెక్కలోనైనా నోరు నోరేనే."

పక్క కొట్లో చెప్పులు కుట్టే ఆయన్ని, వీధిలో అందరూ బాబాయి అనే ఆయన్ని, పిలిచి చూపించాం. ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి, "ఆకలేస్తున్నట్టుంది," అన్నాడు.

పిన్ని నవ్వు మొహం పంపబోయి ఆగింది. దండం పంపబోయి ఆగింది. ఇంతలో మేడమే గుమ్మంలోకి వచ్చారు, కోటు తొడుక్కుని, చీటీ చేత్తో పట్టుకుని. నేను మిషన్ వెనక్కి నక్కి, తల వంచుకుని కుట్టసాగాను.

"ఎవరండీ ఈవిడ?"

పిన్నికి అబద్ధం నోట రాదు. "మూడుసార్లు వెనక్కి తెచ్చేవాళ్లకి ఆ నోరు పెడతానండి."

"నేను రెండుసార్లేగా తెచ్చాను."

"ఇది మూడోసారి కదండీ."

మేడం కోటు వంక చూసుకున్నారు. "నిజానికి," అన్నారు మెల్లగా, "ఎడమ భుజం కాస్త పట్టేస్తోందని కూడా చెబుదామనే వచ్చాను."

ముందు నవ్వింది బాబాయి. తర్వాత ఎవరు ఎవరిని పట్టుకుని నవ్వారో నాకు తెలియదు. నాకు కళ్లనీళ్లు కారి, కుడుతున్న కుట్టు దారి తప్పింది.

ఊపిరి తిరిగాక మేడం వేలాడే బట్టల చీటీలన్నీ తిరగేశారు. "ఇది మా లెక్కల టీచరు కదూ? నోరు అడ్డంగా ఎందుకుంది?"

"అది మాత్రం అడక్కండి," అంది పిన్ని.

మేడం పెన్సిల్ తీసుకుని, ఖాళీ చీటీ మీద నూట నలభై అని అంకె వేసి, పక్కన ఒక మొహం గీశారు. పని చేసేటప్పుడు పిన్ని పెదాల మధ్య పట్టుకునే గుండుసూదులు నాలుగూ అందులో ఉన్నాయి. ముక్కు కూడా ఉంది.

పిన్ని చీటీని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "ముక్కు లావుగా వేశారండీ."

"మీరు నాకసలు ముక్కే పెట్టలేదు," అన్నారు మేడం, కోటు విప్పి ఇస్తూ.