పడ్డాక కొట్టిన దెబ్బలు

అల్ ఖోర్ క్యాంప్‌లో తెల్లవారుజామున ఎక్కిన బస్సు రాస్ లఫాన్ గేటు చేరేలోపు నేనొక కథ చెప్పాలి. కంపెనీ దానికేమీ ఇవ్వదు, అయినా పదకొండేళ్లుగా చెబుతున్నాను. ఒంటె మా ఫోర్‌మన్ హెల్మెట్ పెట్టుకుని సగం షిఫ్టు డ్యూటీ చేసిందన్నాను. ఇసుకగాలికి ఎగిరిపోయిన నా తువ్వాల జగిత్యాల అవతల మా ఇంటి దండెం మీద పడిందనీ, ఎంత ఉతికినా దుబాయ్ దుమ్ము పోతలేదని మా ఆవిడ ఫోన్‌లో తిట్టిందనీ అన్నాను. ఖతర్‌ను ఆమె ఇప్పటికీ దుబాయ్ అనే అంటుంది. అందులో నిజం అంతవరకే. ఎవరూ నమ్మరు, అందరూ నవ్వుతారు. మా మధ్య ఒప్పందం అది.

ఒక్క కథ మాత్రం నమ్మారు.

ఆ శుక్రవారం సెలవు. క్యాంప్ వంటగదిలో పన్నెండు పొయ్యిలు, వందమంది ఆకలి. పొయ్యి పక్కన ఖాళీ గిన్నె పెట్టి పోతే తర్వాతి వంతు ఆ గిన్నె గలవాడిది. దాన్ని ఎవరూ ముట్టరు. మా జిల్లా కార్పెంటర్ ఒకడు ఆ రోజు ముట్టాడు. గిన్నె తీసి నేల మీద పెట్టి తన కూర ఎక్కించాడు. గిన్నె అతని గదిలోనే ఉండే ప్లంబర్‌ది. ఇద్దరికీ నెల రోజులుగా మాటల్లేవు. ప్లంబర్ వచ్చాడు, నేల మీది గిన్నెను చూశాడు. ఎవరో కోడిని కోస్తూ గట్టు మీద పెట్టిన కత్తి తీసుకుని కార్పెంటర్‌ను చేతి మీద ఒకసారి, కడుపులో ఒకసారి పొడిచాడు.

వండుకుంటున్నవాళ్లంతా బయటికి ఉరికారు. లోపల మిగిలింది వాళ్లిద్దరూ, నేనూ, టైంకీపర్ సారూ. సారుది గోదావరి జిల్లా. దోహాలో చర్చికి వెళ్లి అప్పుడే వచ్చాడు, తెల్లచొక్కా ఇంకా మార్చలేదు. డ్యూటీకి ఆలస్యంగా వచ్చినవాణ్ణి కూడా "పర్లేదు బ్రదర్, రేపు చూసుకోండి" అనే మనిషి. కత్తి మూడోసారి లేచింది. సారు పక్క పొయ్యి మీద కాలుతున్న ఇనుప పెనాన్ని రెండు చేతులా ఎత్తి ప్లంబర్ తల పక్కన కొట్టాడు. ఒక్కసారి. ప్లంబర్ పడుతుంటే సిమెంటు గట్టు అంచు ఇంకోవైపు తగిలింది. సారు పెనం పడేశాడు. చొక్కా విప్పి, బొబ్బలెక్కిన చేతులతోనే కార్పెంటర్ కడుపు మీద అదిమిపెట్టి, ఏసయ్యా ఏసయ్యా అంటూ కూర్చున్నాడు.

నా చేతిలో పప్పుగరిటె ఉంది. చివరిదాకా చేతిలోనే ఉంది.

పోలీసులొచ్చి సారును తీసుకుపోయారు. నన్నడిగితే "నేను గూడ బయటికి ఉరికిన సార్, ఏం చూడలే" అన్నాను. కేసుల్లో ఇరుక్కుంటే సెలవు దొరకదు, వీసా ఉండదు, మనకెందుకు, ఖల్లీ వల్లీ, పోతే పోనీ అని ఇక్కడ మొదటి రోజే నేర్పుతారు. నేనే ఎందరికో నేర్పాను.

మర్నాడు బస్సులో కథ ఊసు లేదు. వాదన మొదలైంది.

"నడుమ వోవద్దుర బై. పోలీసుకు ఫోన్ చెయ్యాలె, దూరం నిలవడాలె."

"వాళ్లొచ్చేదాక కత్తి ఆగుతదా? చాయ్ తాగుకుంట కూసుంటదా?"

"చేతి మీద కొట్టాల్సింది. తల మీద కొట్టడమేంటండీ? ఆ మనిషికింకా స్పృహే రాలేదంట."

"అవ్, నువ్వు టేపు వెట్టి కొల్చి కొట్టు. అప్పటిదాక ఆయన కత్తి వట్టుకొని సూస్తుంటడు."

"నీ కడుపుల దిగితే తెలుస్తది, ఎక్కడ కొట్టాలెనో!"

అప్పుడు వెనక సీటు నుంచి ఒకడన్నాడు: "కాకా, నువ్వున్నవు గద లోపల? ఏం జేసినవ్?"

బస్సు మొత్తం నా వైపు తిరిగింది. గరిటె పట్టుకుని నిలబడ్డానని చెప్పాలి. అది చెప్పడానికి నోరు రాలేదు. కథ వచ్చింది. కథ పెద్దదైతే అందులో నేనెక్కడున్నానో ఎవరడుగుతారు?

"ఏం జెప్పాలె బిడ్డా! సారు పెనం లేపిండు, ధన్‌మని ఒకటి. ఆడు వడ్డడు. వడ్డంక గూడ ఇడువలే! ఇది కార్పెంటర్‌ది, ఇది వాని పిల్లలది అనుకుంట ఇంకో రెండు ఏసిండు!"

చప్పట్లు, ఈలలు. సాయంత్రం బస్సులో మళ్లీ చెప్పించుకున్నారు. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. మెస్‌లో మూడోసారి. ఎవరో ఫోన్‌లో రికార్డు చేశారు. అది క్యాంపులు దాటి, అల్ తుమామాలో డ్రైవర్‌గా ఉన్న ప్లంబర్ వాళ్లన్న ఫోన్‌లోకి చేరింది. ఆయన దాన్ని పోలీసులకిచ్చాడు. ఆయన తప్పేముంది? తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నాడు.

స్టేషన్‌లో ఆఫీసర్ పక్కన తెలుగు అనువాదకుడు కూర్చున్నాడు. నా గొంతు నాకే వినిపించారు. ఆ గదిలో ఎవరూ ఈల వేయలేదు.

"ఇది నువ్వేనా?"

"నేనే సార్. గని అది కథ. సారు కొట్టింది ఒక్కటే, నేను సూసిన."

"మొదట ఏమీ చూడలేదన్నావు. బస్సులో మూడన్నావు. ఇప్పుడు ఒకటంటున్నావు."

"నేను అందరికీ కథలు జెప్త సార్. ఒంటె డ్యూటీ జేసిందని గూడ జెప్పిన."

"ఒంటె సంగతి వదిలెయ్. ఆఫీసర్ అడిగేది ఒకటే. నువ్వు కథ చెప్పింది అప్పుడా, ఇప్పుడా?"

కత్తి లేచి ఉన్నప్పుడు కొట్టినదాన్ని వాళ్లు పెద్దగా తప్పుపట్టలేదు. అడిగిందంతా పడ్డాక కొట్టిన దెబ్బల గురించే. డాక్టరు కాగితంలో తలకు రెండువైపులా దెబ్బలున్నాయి. ఒకటి పెనానిది, ఒకటి గట్టుదని నేనంటే, పక్కన ఎవరున్నారని అడిగారు. కార్పెంటర్‌కు కూలిపోయాక ఏమీ తెలియదు. వంటగదిలోంచి ఉరికినవాళ్లలో ముగ్గుర్ని పిలిస్తే, ముగ్గురూ మూడు దెబ్బలన్నారు. ఆ క్షణాన వాళ్లు గేటు వైపు పరుగెత్తుతున్నారు. అయినా వాళ్లు అబద్ధమాడలేదు. పెనం మూడుసార్లు లేవడం కళ్లతో చూశామనే అనుకుంటున్నారు.

"ఒట్టు కాకా, నేను తలుపు కాడ వెనుకకు మర్రి సూసిన" అన్నాడొకడు, నేను కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే. "నువ్వే గద జెప్పినవ్, మల్ల ఇట్లంటవేంది?"

సారును చూడనిచ్చారు. మధ్యలో అద్దం, చెరో చేతిలో ఫోన్. అతని అరచేతుల్లో కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది.

"కార్పెంటర్ ఎలా ఉన్నారు బ్రదర్?"

"నడుస్తుండు సార్. ఇంటికి పంపిన్రు."

"మరి ఆయన?"

"స్పృహ వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట వస్తలేదు."

సారు ఖాళీగా ఉన్న అరచేతిని తిప్పి చూసుకున్నాడు. తర్వాత అడిగాడు: "నేను ఎన్నిసార్లు కొట్టానండీ?"

"ఒక్కటే సార్. మిగిలింది నేను కల్పించిన. దేవుని మీద ఒట్టు."

"ముగ్గురు చూశామంటున్నారంట. ప్రార్థనలో కూర్చుంటే నాక్కూడా అలాగే కనపడుతోంది బ్రదర్. పెనం మళ్లీ ఎత్తినట్టు చేతులకి తెలుస్తోంది. అంత కోపం నాలో ఉందంటారా?"

"లేదు సార్! నీకు కోపమే లేదు."

"మీరు మంచివారు కాబట్టి అలా అంటున్నారు" అన్నాడు. అంతకంటే నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఎన్ని దెబ్బలు కొట్టావని సారును అడిగారు. ఒకటి అంటే చాలు. నేను లోపల్లోపల ఒకటి, ఒకటి అనుకుంటూనే ఉన్నాను. సారు అబద్ధమాడే మనిషి కాదు. తనకు నిజమనిపించిందే చెప్పాడు.

"సరిగ్గా గుర్తులేదండీ. మూడు కావచ్చు."

అనువాదకుడు ఆ మాటను అరబ్బీలో చెప్పాడు. క్లర్కు రాసుకున్నాడు. మూడేళ్ల శిక్ష వేశారు, ఆ తర్వాత దేశం నుంచి పంపించేస్తారు.