మండే పొయ్యి పెట్టుకుని నిప్పు అడిగే పెద్దమ్మ

నా చిన్నప్పుడు మా వాడలో నాకు అస్సలు గిట్టని మనిషి ఎవరంటే పక్కింటి పెద్దమ్మ. ఆమె చెడ్డదేమీ కాదు, కానీ వేళాపాళా లేకుండా మా ఇంటికి వచ్చి పడేది. చేతిలో ఒక కుండపెంకు, దాంట్లో ఒక పిడక ముక్క. "జర అగ్గి పెట్టు బిడ్డా" అంటూ గడప దాటేది. అగ్గిపుల్లను కూడా ఆచితూచి గీసే రోజులవి. ఒక ఇంట్లో పొయ్యి రాజుకుంటే చుట్టుపక్కల నాలుగిళ్ళ వాళ్ళు వచ్చి నిప్పు తీసుకుపోవడం మా దగ్గర మామూలే. అయితే మిగతావాళ్ళు నిప్పు తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఈమె మాత్రం చతికిలబడి కూర్చునేది. మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి బర్రె పాలు తగ్గిన సంగతి దాకా వచ్చేది. ఈలోగా పిడక అంటుకుని, కాలి, బూడిదైనా లేచేది కాదు.

మాది పెద్దేముల్ దగ్గర ఒక పల్లె. గొర్లు కాసే ఇల్లు. పంటలు కోశాక మా నాయన మందతో ఊరూరా తిరిగేవాడు. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో మందను నిలుపుకునేవాళ్ళు కాబట్టి, నెలకోసారి ఆయన ఇంటి ముఖం చూస్తే గొప్ప. ఇంట్లో మా అమ్మ, ఎనిమిదేళ్ళ నేను, నాలుగేళ్ళ తమ్ముడు, చంకలో చెల్లి. అమ్మ పొద్దున్నే కందిచేనుకు పోయి వచ్చి, నీళ్ళు మోసి, జొన్నలు విసిరి, రొట్టెలు చేసి, ఆపైన చెల్లి ఏడుపుతో నిద్ర లేక వేగేది. ఇవన్నీ ఇప్పుడు అర్థమవుతున్నాయి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, చూరులో దోపిన చింతబరిగె. అది కిందికి దిగిందంటే మా వీపులు వాచేదాకా మళ్ళీ చూరెక్కేది కాదు.

అమ్మ గొంతు లేచినప్పుడల్లా పెద్దమ్మ పెంకు పట్టుకుని దిగేది. కొట్టొద్దని ఒక్కనాడు కూడా అన్నది లేదు. అమ్మ చేతిలో బరిగె చూసినా చూడనట్టే నిప్పు అడిగేది. ఆ తర్వాత నాకేదో ఒక పని పురమాయించేది. "పో బిడ్డా, మా ఇంట్లకెల్లి చేట పట్టుకరా." చేట తెస్తే జల్లెడ కావాలనేది. నేను కాళ్ళీడ్చుకుంటూ పోయేదాన్ని. అలా పోయిన ప్రతిసారీ ఆమె ఇంట్లో పొయ్యి భగభగ మండుతూనే కనిపించేది. దాని మీద ఎసరు తుకతుక ఉడుకుతుండేది. ఇంట్లో ఇంత నిప్పు పెట్టుకుని మా నిప్పు కోసం ఎగబడే ఈ ముసలిదాని ఆశ చూసి నాకు ఒళ్ళు మండిపోయేది.

నోరు ఊరుకుంటుందా. ఒకరోజు బావి దగ్గర ఆడవాళ్ళందరూ ఉండగా అనేశాను, "పెద్దమ్మ అబద్ధాలాడుతది, వాళ్ళ పొయ్యి మండుతనే ఉంటది" అని. కొందరు నవ్వారు. ఒకామె మా అమ్మ వైపు చూసి గబుక్కున తల దించుకుంది. పెద్దమ్మ చేదను చప్పుడయ్యేలా దింపింది. అమ్మ ముఖం నల్లబడింది. నాకు తెలియనిది ఆ క్షణంలో ఆమెకు తెలిసిపోయింది. పెద్దమ్మ వచ్చేది నిప్పు కోసం కాదు, తన కేకలు విని వస్తోందని. ఆ సంగతి వాడంతటికీ తెలుసని కూడా.

ఇంటికి రాగానే గోడకు అటువైపు వినబడేలా అమ్మ అంది, "నా ఇంటికి కావలి కాస్తున్నవా? నా పిల్లలు, నా ఇష్టం. ఇగ మా గడప తొక్కకు." పెద్దమ్మ సరేనంది. అంతే, రావడం మానేసింది. నేను గెలిచాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. వారం తిరక్కుండానే చింతబరిగె విరిగి, దాని చోట కొత్తది వచ్చింది. అమ్మ గొంతు లేచిన ప్రతిసారీ నా కళ్ళు వాకిలి వైపు పోయేవి. వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఆ రోజు పొద్దు గూకడానికి ఇంకా చాలా సమయం ఉంది. చెల్లికి మూడు రోజులుగా జ్వరం. అమ్మ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో మిగిలిన కాస్త జొన్నపిండి తాంబాళంలో పోసి, నీళ్ళ కోసం అలా తిరిగిందో లేదో, తమ్ముడు దాని మీద పడ్డాడు. పిండంతా పొయ్యిలోంచి తోడిన బూడిదలో కలిసిపోయింది. అమ్మ అరవలేదు. ఆమె అరవకపోవడం చూసే నాకు భయం వేసింది. తమ్ముణ్ణి జబ్బ పట్టి కూర్చోబెట్టి, రొట్టెలు తిప్పే ఇనుప అట్లకాడను నిప్పుల్లో పెట్టింది. "వాత పెడితే గాని బుద్ధి రాదు నీకు" అంది, ఎంతో మెల్లగా. వాడికి వాత అంటే ఏమిటో తెలియదు. వాడు పిండి చేతులు నాక్కుంటున్నాడు.

ఇనుము ఎర్రబడటానికి ఎంతసేపు పడుతుంది? నాకెందుకు తట్టిందో ఈనాటికీ చెప్పలేను. ఒక పెంకు, ఒక పిడక పట్టుకుని పరుగెత్తాను. పెద్దమ్మ పొయ్యి ముందు రొట్టె కాలుస్తోంది. అమ్మ వాత పెట్టబోతోందని చెప్పడానికి నోరు రాలేదు. మన ఇంటి గుట్టు బయట పెట్టకూడదని అప్పటికే నేర్చుకున్నాను కదా. "పెద్దమ్మా, జర అగ్గి పెట్టు" అన్నాను.

ఆమె గోడ మీదుగా మా ఇంటి పైన లేస్తున్న పొగను చూసింది. తర్వాత నన్ను చూసింది. రొట్టెను పెనం మీదే వదిలేసి, మోకాళ్ళ నొప్పులేవీ లేనిదానిలా నడిచింది.

లోపలికి వచ్చి అమ్మను పల్లెత్తు మాట అనలేదు. పొయ్యి ముందు కూర్చుని అట్లకాడను తీసి నీళ్ళ బకెట్లో ముంచింది. అది చుయ్యిమంది. అమ్మ చేతిలోంచి తమ్ముణ్ణి విడిపించి నా వైపు తోసింది. చెల్లిని తన ఒళ్ళోకి తీసుకుంది. "పో, జర సేపు పండుకో. వీళ్ళను నేను చూస్కుంట" అంది. అమ్మ నేల మీదే కూలబడి ఏడ్చింది. మా అమ్మ ఏడవగలదని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత చాప కూడా వేసుకోకుండా అక్కడే నిద్రపోయింది.

మేము పెద్దమ్మ ఇంట్లో తిన్నాం. ఒక రొట్టె బొగ్గయింది. "నీ వల్లనే నా రొట్టె మాడింది" అని ఆ ముసలిది నన్ను రెండు రోజులు సతాయించింది. ఆమె గుణం అది, ఏం చేస్తాం.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నాలు చెల్లి పెద్దమ్మ ఒళ్ళో ఉండేది. బావి దగ్గర తల దించుకున్నామె రోజూ రెండు బిందెలు మా ఇంట్లో దింపి పోయేది. ఇంకొకామె తన పిల్లలతో పాటు తమ్ముణ్ణి మేకల వెంట తీసుకుపోయేది. ఎవరూ సభ పెట్టలేదు, తీర్మానం చేయలేదు. అమ్మ ఆ తర్వాత కూడా అడపాదడపా కొట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఇనుము మళ్ళీ నిప్పుల్లో పెట్టలేదు.

ఇప్పుడు నేను తాండూరులో ఉంటున్నాను. ఈ కాలంలో పిల్లల గురించి సభలకు కొదవ లేదు. మా వీధి అంగన్‌వాడీలో తల్లుల మీటింగు పెడితే నేనూ పోతాను. పిల్లలను కొట్టరాదని చార్టు చూపిస్తారు, మంచిదే. తల్లులందరూ తలలూపుతారు. లేచి పోయేటప్పుడు చంకలో బిడ్డ రాగం తీస్తే వాళ్ళలోనే ఒకామె వీపు మీద ఒకటి వేస్తుంది. ఒకసారి నాకు ఓపిక నశించి అన్నాను, "ఆమెకు చార్టు ఎందుకమ్మా, ముందు ఆ పిల్లగాన్ని ఎవరన్న జర ఎత్తుకోండ్రి." అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. ఆ మరుసటి వారం నుంచి మధ్యాహ్నం పసివాళ్ళను ఎత్తుకోవడానికి మా వయసు ఆడవాళ్ళు నలుగురిని వంతులవారీగా కూర్చోబెట్టింది. ముగ్గురికి నడుం నొప్పులు. ఆ సణుగుడు వినలేక చస్తున్నాను.

మా పక్కింట్లో ఒక పడుచు ఇల్లాలు ఉంది. కర్ణాటక వైపు నుంచి వచ్చిన పిల్ల. మొగుడు బండలు పాలిష్ చేసే పనికి పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఇద్దరు పిల్లలు, నా అన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. ఆ పిల్ల గొంతు లేవగానే వీధిలో కిటికీలు మూసుకుంటాయి, టీవీలు పెద్దవవుతాయి. మనకెందుకు అంటారు. ఇంతమందికి చెవులిచ్చిన దేవుడు కాళ్ళెందుకు ఇవ్వలేదో నాకు అర్థం కాదు.

గ్యాసు పొయ్యిల కాలంలో నిప్పు అడగలేను కదా. గ్లాసు పట్టుకుని పోయి చక్కెర అడుగుతాను. కూర్చుంటాను, నా మోకాళ్ళ గురించి చెప్తాను. ఒకసారి ఆమె కూతురు, ఆరేళ్ళ పిడుగు, అందరి ముందూ అడిగేసింది, "అవ్వకు షుగరుంది గదా, చక్కెర ఎందుకు?" ఆ పిల్ల తల్లి నన్ను చూసింది, నేను గ్లాసును చూసుకున్నాను. పెద్దమ్మ బావి దగ్గర చేదను ఎందుకంత గట్టిగా దింపిందో అప్పుడు తెలిసింది. అయినా నేను పోవడం మానలేదు. అలా రావడం మాన్పించిన తప్పు చిన్నప్పుడు ఒకసారి చేశాను, చాలు.

నిన్న మధ్యాహ్నం పెనం మీద రొట్టె వేసి ఉన్నాను. ఆ ఆరేళ్ళ పిల్ల మా గుమ్మంలో నిలబడింది. చేతిలో ఖాళీ గ్లాసు, కళ్ళు మాత్రం వాళ్ళ ఇంటి వైపు. "అవ్వా, జర చక్కెరియ్యి" అంది. పొద్దుననే వాళ్ళ డబ్బాలో చక్కెర పోస్తుంటే నేనే చూశాను. పొయ్యి ఆపాలని కూడా తోచలేదు. చెప్పులు వేసుకోకుండానే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచాను. తిరిగి వచ్చేసరికి రొట్టె బొగ్గయి ఉంది. చంకలో ఆ పిల్ల తమ్ముడు నిద్రపోతున్నాడు, పక్కింట్లో వాళ్ళమ్మ నిద్రపోతోంది. నీ వల్లనే నా రొట్టె మాడిందని ఆ పిల్లను గట్టిగానే కసిరాను.