కామెర్ల పసుపు

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో అద్దంకిలో ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటర్ పని చేసేవాణ్ణి. ట్యూబులైటు కింద తీసిన ముఖాలు ఆకుపచ్చగా, ఎర్ర షామియానా కింద తీసినవి ఎర్రగా వచ్చేవి. ఆ అక్కర్లేని రంగు తీసేయడమే నా పని.

ఒక మధ్యాహ్నం, మిరప చేలల్లో కూలికెళ్లే ఒకాయన తన భార్య ఫొటో సీడీలో తెచ్చి, పెద్దది చేసిమ్మన్నాడు. ఆమె పోయి నెలైందట. ఫొటోలో ముఖం, కళ్లు పసుపుగా ఉన్నాయి. బల్బు వెలుతురనుకుని, ఏమీ అడక్కుండానే పసుపు తగ్గించాను. ముఖం బాగుపడింది గానీ, వెనకున్న తెల్ల దుప్పటి నీలంగా మారింది. బల్బు వెలుతురే అయితే దుప్పటి కూడా ముందు పసుపుగా ఉండాలి కదా అని అనుమానం వచ్చింది.

"ఇది ఎక్కడ తీశారండీ?"

"ఆసుపత్రి వరండాలోనండి, పగలే. అప్పటికే కామెర్లు ముదిరిపోయినై."

మళ్లీ మొదటిలా మార్చబోతే ఆయన ఆపాడు.

"అట్టాగే ఉంచండి. జబ్బు చేయకముందు ఇట్టాగే ఉండేది."

దుప్పటి ఒక్కటీ తెల్లగా సరిచేసి ప్రింటు ఇచ్చాను.

వారం తర్వాత మళ్లీ వచ్చాడు.

"మా చిన్నపిల్ల ఈమె అమ్మ కాదంటందండీ. దానికి ఊహ తెలిసేసరికే ఆమె మంచాన పడింది గదా. ముందున్నట్టే ఇంకోటి తీసివ్వండి."

దిద్దని ఫొటో ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని చూడకుండానే కవర్లో పెట్టుకున్నాడు. మొదటిదాన్ని ఏం చేశారని అడగలేకపోయాను.