హనుమక్క వేలిముద్ర

మండికల్లు హనుమక్కకు చదువు రాదు. అంకెల్లో మాత్రం నాలుగు పక్కన ఏడు ఎక్కడ కనిపించినా గుర్తుపడుతుంది. తన పేరున మిగిలిన మూడెకరాల మెట్టచేనికి సర్వే నంబరు అది.

పన్నెండేండ్ల కిందట మొగుడు గంగప్ప పోయిన నెలకే మరిది బైరప్ప కాగితం ఒకటి పట్టుకొచ్చి, ఖాతా మార్పుకని చెప్పి ఆమెచేత వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ పైయేడాదికి బావి కింద రెండెకరాలు అతని పేరున ఉన్నాయి. అప్పటి నుంచి ఎవరెంత చెప్పినా ఆమె బొటనవేలు సిరాలో ముంచలేదు.

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం జూన్‌లో అదే బైరప్ప మళ్లీ కాగితం పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"మన మునికృష్ణకు బెంగుళూరు పాలిటెక్నిక్ అర్జీ తెచ్చినాను వదినా. ఊరి లెక్కలు రాసే శానుభోగుతో రాయించినా. నువ్వు ముద్ర ఏస్తే చాలు."

మునికృష్ణప్ప ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఎస్సెల్సీ ఫస్టుక్లాసులో పాసయినాడు. ఊరి బావులకు కరెంటు లైను లాగినప్పటి నుంచి వాడికి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు తప్ప వేరే ధ్యాస లేదు. వైర్‌మన్ వెంట తిరిగి ఏ తీగ ఎక్కడికి పోతుందో నోటుబుక్కులో గీసుకొచ్చేవాడు. మోటారు, స్టార్టరు భాగాల పేర్లు ఇంగ్లీషులో బట్టీ పట్టేవాడు. సీటు ఇచ్చేముందు లెక్కల్లో ప్రశ్నలు అడుగుతారని హెడ్మాస్టరు చెప్పినందుకు, రోజూ పొద్దున్నే మల్బరీ తోట గట్టున కూర్చుని ఆల్జీబ్రా చేసేవాడు.

హనుమక్క కాగితాన్ని ఎండకు పట్టి చూసింది. నాలుగో వరసలో ఆమె చూపు ఆగిపోయింది. నాలుగు, పక్కన ఏడు.

"ఇస్కూలు కాయితంలో నా చేను నంబరు ఎందుకప్పా?"

"హాస్టలు ఊరికే ఇయ్యాలంటే మనకెంత భూమి ఉండాదో చూపించాల."

ఆమె కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

రెండు రోజులు గడిచాయి. కొడుక్కి ఓపిక పోయింది.

"శనివారమే గడువు. నామీద గూడా అనుమానమేనా అమ్మా?"

"నీమీద కాదు నాయనా. ఆ కాయితం మీద."

మర్నాడు చిక్కబళ్లాపురం పోయి బట్టల కొట్టు శ్రీరామయ్యకు చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, "చదువు అర్జీనే లేమ్మా, ముద్ర ఏసెయ్" అన్నాడు. ఆమె దండం పెట్టి బయటికి వచ్చింది గానీ, ఆ కొట్లో బైరప్పకు ఏండ్ల తరబడి రాకపోకలు ఉండాయని గుర్తుకొచ్చింది. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో ఎవరికి తెలుసు?

దాంతో చింతామణి బస్సెక్కింది. అక్కడి నుంచి మురుగమల్ల. దర్గా వాకిట్లో యాత్రికులకు అర్జీలు రాసే ముసలి సాయిబు ఒకాయన ఉండేవాడు. తనెవరో ఆయనకు తెలియదు, బైరప్పా తెలియదు. ఆమె కాగితం ఆయన ముందు పెట్టి, కావాలనే అబద్ధమాడింది.

"చేను అమ్మిన పత్రం సామీ. ఎవురికి అమ్మినానో చదివి చెప్పు."

సాయిబు పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివాడు.

"ఎవరమ్మా నీకట్లా చెప్పింది? ఇందులో అమ్మకం మాటే లేదు. పిల్లవాడిని కరెంటు చదువులో చేర్చుకోమని రాసుండాది. చేను నీ పేరునే ఉందని ఉండాది."

తిరుగు బస్సులో ఆమెకు కొంచెం తేలికయింది. అయినా ఒక ముల్లు మిగిలింది. మోసం లేకపోతే ఈ అర్జీ కోసం బైరప్ప ఇంత శ్రమ ఎందుకు పడినట్టు? బస్సు దిగి నేరుగా అతని కళ్లంలోకి పోయింది.

"నా కొడుకు చదివితే నీకేమొస్తుంది? నిజం చెప్పు."

బైరప్ప తల గోక్కున్నాడు. చేతిలో పలుపు సవరించుకున్నాడు.

"పోయినేడు రెండు తూర్లు నా మోటారు కాలిపాయ. చింతామణి నుంచి మెకానిక్కు వచ్చేలోగా వరి ఎండిపాయ. ఇంట్లోనే ఆ పని తెలిసినోడు ఒకడుంటే నాకు ఆ బాధ ఉండదు గదా."

పిల్లవాడి మీద ప్రేమ అనుంటే ఆమె నమ్మేది కాదు. సొంత లాభం చెప్పాడు కాబట్టి నమ్మింది. ఆ సాయంత్రమే దీపం ముందర కూర్చుని ముద్ర వేసింది. వేసినాక నాలుగు, ఏడు పక్కన ఇంకో గీత చేరలేదని మరోసారి చూసుకుంది.

జులైలో కొడుకుతో పాటు తనూ బెంగుళూరు పోయింది. అలాంటి బడి ఒకటి నిజంగా ఉందో లేదో తన కళ్లతో చూడాలనుకుంది. లెక్చరరు అడిగిన లెక్కలు మునికృష్ణప్ప నల్లబల్ల మీద చేస్తుంటే, ఆమె వరండాలో నిలబడి కిటికీలోంచి లోపలి మోటార్లను ఒక్కొక్కటిగా చూసింది. కాసేపటికి కొడుకు చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"సీటిచ్చినారమ్మా."

ఆమె నవ్వలేదు. హాస్టలు వంటింటి దాకా పోయి, వంటాయన్ని అడిగి ఒక ముద్ద పెట్టించుకుని తినింది. చేయి కడుక్కుని కొడుకు దగ్గరికి వచ్చింది.

"అన్నం బాగుండాది. ఉండు" అనింది.