అడ్డంగా పడుకున్న పెళ్లివారు

మట్టెవాడలోని ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తాను. పద్దెనిమిదేళ్లుగా అదే పని, అదే కంప్యూటర్ మూల. ఓనరు నాకంటే చిన్నవాడు కాబట్టి తమ్మీ అని పిలుస్తాను. కోపం వస్తే మాత్రం సార్ అంటాను. ఆ తేడా అతనికి బాగా తెలుసు.

ఈ పనిలో నా ప్రాణం తోడేసింది ఫోటోలు తిప్పడం. నిలువు ఫోటో కావాలంటే కెమెరామన్ కెమెరాను పక్కకు తిప్పి పట్టుకుంటాడు. ఎలా పట్టుకున్నాడో కెమెరాయే ప్రతి ఫోటోలో ఒక గుర్తు రాసిపెడుతుంది. ఫోన్లు ఆ గుర్తును చదువుకుని బొమ్మను నిటారుగా చూపిస్తాయి. మా ఆల్బమ్ సాఫ్ట్‌వేరూ, పెళ్లివాళ్లకు ఫోటోలు చూపించే టీవీ రెండూ పాతవే. వాటికి ఆ గుర్తు పట్టదు. దాంతో పెళ్లికొడుకు అడ్డంగా పడుకుంటాడు, పంతులుగారు పడుకునే మంత్రాలు చదువుతుంటారు. వాళ్లందరినీ ఒక్కొక్కరిగా లేపి నిలబెట్టాల్సింది నేనే. మణికట్టుకు పట్టీ కట్టుకుని మరీ నిలబెట్టాను.

మొన్నటి పెళ్లిళ్ల సీజన్లో రఘునాథపల్లి పెళ్లి ఒకటి వచ్చింది. నాలుగు వేల ఫోటోలు, అందులో నిలువువే పదిహేను వందలు. రెండు రోజులు కూర్చుని మూడు వందలు తిప్పాను. మూడో రోజు పొద్దున తమ్మి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"అక్కా, ఇయ్యాల నాలుగింటికి పెళ్లోళ్లు ఫోటోలు ఏరుకోనీకి వస్తాండ్రు. పోయినసారి వచ్చినోళ్లు మెడలు వంకర పెట్టి చూసిండ్రు, నా ఇజ్జత్ పోయింది. ఇది కూడ గట్లనే అయితే ఆల్బమ్‌లన్నీ హైదరాబాద్‌ల ఒకాయనకు ఇస్త. మాట్లాడి పెట్టిన."

"మరి నేనేం చెయ్యాలె?"

"కౌంటర్ల కూసొని పాస్‌పోర్ట్ ఫోటోలు కట్ చెయ్యి. జర ఆరాం ఉంటది నీకు."

ఆరామట! ఒళ్లు మండిపోయింది. కత్తెర పట్టుకుని కౌంటర్లో కూర్చోవడానికా ఇన్నేళ్లు కళ్లు పోగొట్టుకున్నది? "సరే సార్" అన్నాను. ఆ సార్ వినగానే అతను మెల్లగా జారుకున్నాడు.

కాజీపేట నుంచి వచ్చే మా కెమెరామన్‌కు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. అతను నవ్వాడు.

"ఇన్నేండ్ల సంది చేత్తోని తిప్పుతానవా అక్కా? ఫోటోల ఉన్న గుర్తును చదివి ఫోల్డర్ మొత్తం ఒక్కసారే తిప్పే సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఫ్రీ. లింక్ పంపుతాన, ఫికర్ చెయ్యకు."

ఇన్నేళ్లూ ఈ ముక్క చెప్పనందుకు అతన్ని నాలుగు తిట్టి, లింకు నొక్కాను. ఫోల్డర్ చూపించి బటన్ నొక్కి, ఛాయ్ తాగి వచ్చాను. పని అయిపోయింది. తెరిచి చూస్తే మొదటి ఫోటోలోనే పెళ్లికూతురు పడుకుని ఉంది. రెండోదాంట్లోనూ అంతే. ముందు ఎడమవైపు పడుకున్నవాళ్లు ఇప్పుడు కుడివైపు పడుకున్నారు!

సరిగ్గా అప్పుడే తమ్మి లోపలికి వచ్చాడు.

"ఇదేందక్కా? మొత్తం ఖరాబ్ చేసినవా?" అంటూ జేబులోంచి ఫోన్ తీశాడు. "ఇగ వద్దు. ఆయనకే పంపుత."

నిజంగా భయమేసింది. "ఒక్క గంట ఆగు" అని మాత్రం అనగలిగాను. అతను గడియారం వైపు చూసి, హైదరాబాద్ ఆయనతో "ఎందుకైనా మంచిది, రెడీగ ఉండన్నా" అని చెప్పుకుంటూ బయటికి నడిచాడు.

ఫోటోలు కిందికి జరుపుకుంటూ చూశాను. నిలువువి మూడు వందలు దాటగానే అందరూ నిటారుగా ఉన్నారు. పడుకున్నవాళ్లు నేను చేత్తో లేపినవాళ్లే! నేను బొమ్మను తిప్పాను గానీ లోపలి గుర్తు అలాగే ఉండిపోయింది. ఆ గుర్తును నమ్మి సాఫ్ట్‌వేర్ ఇంకోసారి తిప్పింది. దాని తప్పేం లేదు, పాడుచేసింది నా కష్టమే.

ఆల్బమ్ చేతికిచ్చేదాకా కెమెరా కార్డులు చెరపకపోవడం మా స్టూడియో పద్ధతి. అదే బతికించింది. ఫోల్డర్ మొత్తం తీసిపారేసి, కార్డుల్లోంచి నాలుగు వేలూ మళ్లీ ఎక్కించాను. ఈసారి ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. నా రెండు రోజుల చాకిరీ పోయినందుకు ఏడుపొచ్చింది, అయినా ముట్టుకోలేదు. బటన్ నొక్కి తెర ముందే కూర్చున్నాను.

అబ్బ, ఏం చెప్పను! వరసలు వరసలుగా జనం లేచి నిలబడ్డారు. అక్షింతలు వేసే ముసలమ్మలు, బ్యాండు వాళ్లు, బావమరుదులు, అందరూ. పన్నెండు ఫోటోలు మాత్రం మొండికేశాయి. అవి కాళ్లు కడిగేటప్పుడు స్టూలెక్కి పళ్లెం మీదికి కెమెరా వంచి తీసినవి. నేలకేసి చూసే కెమెరాకు పైన ఏదో, పక్కన ఏదో ఎలా తెలుస్తుంది? ఆ పన్నెండూ నేనే తిప్పాను.

నాలుగింటికి పెళ్లివాళ్లు టీవీ ముందు కూర్చున్నారు. ఒక్క మెడ వంగలేదు. పెళ్లికూతురి తల్లి మాత్రం ప్రతి ఫోటో దగ్గరా "ఆగుండ్రి, ఆగుండ్రి, ఇది మంచిగున్నది" అని రిమోట్ పట్టుకున్న తమ్మిని సతాయించింది.

ఇంతలో అతని ఫోన్ మోగింది. హైదరాబాద్ ఆయనే. తమ్మి నావైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అవసరం లేదన్నా. మా అక్క ఒక్క పూటల చేసేసింది. నాలుగు వేలు."

"ఒక్క పూటలనా? ఎట్ల?" అని అవతలి గొంతు నాదాకా వినిపించింది.

నేను చెయ్యి చాచి ఫోన్ అందుకున్నాను. "అన్నా, మీ దగ్గర తిప్పలేక ఆగిపోయినవి ఏమన్న ఉంటే ఇటు పంపుండ్రి. చేసి పెడుత."

ఆ మరుసటి వారం హైదరాబాద్ నుంచి రెండు పెళ్లిళ్లు మట్టెవాడకు వచ్చాయి.